గుండె జబ్బుల క్లినికల్ ట్రయల్‌లో చేరమని అడిగినప్పుడు: సంతకానికి ముందు, తరువాత చేయవలసిన పనులు

దేవరకొండ దగ్గరి ఒక పల్లెలో సేద్యం చేసుకునే మా మేనమామకు గుండె రక్తనాళంలో స్టెంట్ వేసిన మూడో రోజున, హైదరాబాద్‌లోని ఒక ఆసుపత్రి వరండాలో మేము డిశ్చార్జి కాగితాల కోసం కూర్చుని ఉండగా, ఒక ఉద్యోగిని 22 పేజీల కట్టను తెచ్చి, చివరి పేజీ తెరిచి పట్టుకుని, "ఇక్కడ సంతకం పెట్టండి పెద్దాయనా, మందులు ఫ్రీగా వస్తాయి" అన్నది. మామ కలం అందుకున్నారు కూడా. సంతకం పెట్టబోతూ నా వైపు తిరిగి "ఏం కాగితం అల్లుడా ఇది?" అని అడగకపోయి ఉంటే, కొలెస్ట్రాల్ తగ్గించే ఒక కొత్త ఔషధాన్ని పరీక్షించే క్లినికల్ ట్రయల్‌లో తాను చేరుతున్నట్టు ఆయనకు తెలిసేదే కాదు. ఆ కట్టను మేము ఇంటికి తెచ్చుకున్నాము, రెండు సాయంత్రాలు కూర్చుని చదివాము, ప్రశ్నలు రాసుకుని మళ్లీ వెళ్లాము. చివరికి ఆయన అన్నీ తెలుసుకునే చేరారు.

నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల ప్రాంతాల నుంచి గుండె వైద్యానికి హైదరాబాద్ వెళ్లే కుటుంబాలకు ఇటువంటి కాగితం ఎప్పుడో ఒకప్పుడు ఎదురుకావచ్చు. అప్పుడు ఏ పని ముందు చేయాలో, ఏది తరువాత చేయాలో ఇక్కడ వివరిస్తున్నాను.

ఒక హెచ్చరికతో మొదలుపెడతాను. ఛాతీలో పట్టేసినట్టుగా నొప్పి, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చెమటలు, ఉన్నట్టుండి ఆయాసం ఉన్న మనిషి విషయంలో ట్రయల్ గురించి ఆలోచించే సమయం అది కాదు. 108కి ఫోన్ చేయండి, దగ్గరలో ఈసీజీ తీసే ఆసుపత్రికి చేరండి. 2008లో ప్రచురితమైన క్రియేట్ అనే పరిశీలన మన దేశంలోని 89 ఆసుపత్రులలో 20,468 మంది రోగుల వివరాలను సేకరించింది. నొప్పి మొదలయ్యాక ఆసుపత్రి చేరడానికి అందులో సగం మందికి 6 గంటలు, లేదా అంతకు మించి పట్టింది. గ్యాస్ నొప్పి అనుకుని సోడా తాగి పడుకున్న ఆ గంటలను ఏ కొత్త మందూ తిరిగి ఇవ్వలేదు.

మొదటి పని: చికిత్సకూ ట్రయల్‌కూ తేడా తెలుసుకోండి

డాక్టరు మీకు చికిత్స చేస్తున్నప్పుడు ఆయన ముందున్న ప్రశ్న "ఈ మనిషికి ఏది మంచిది" అన్నది. ట్రయల్‌లో అడిగే ప్రశ్న వేరు: "ఈ జబ్బు ఉన్న వేలమందికి ఈ మందు మంచిదా, పాతదే మంచిదా, అసలు దీనివల్ల హాని ఉన్నదా?" ఈ ప్రశ్నకు జవాబు ఇంకా ఎవరికీ తెలియదు కనుకనే ట్రయల్ జరుగుతున్నది. "కొత్త మందు, మంచి మందు" అని ఎవరైనా ముందే మాట ఇస్తే, వారు తమకు తెలియని విషయం చెబుతున్నట్టే లెక్క.

కొత్తది మంచిదే అయి ఉండాలన్న నియమం లేదని గుండె వైద్య చరిత్ర ఎన్నోసార్లు చూపింది. గుండెపోటు తరువాత గుండె లయ తప్పి కొట్టుకునేవారికి ఆ లయను సరిచేసే మాత్రలు ఇస్తే ప్రాణాలు నిలుస్తాయని 1980లలో వైద్యులు గట్టిగా నమ్మారు. కాస్ట్ అనే ట్రయల్‌లో ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ అనే రెండు మందులను 1,498 మందిలో పరీక్షించి చూస్తే, మందు తీసుకున్నవారిలో 63 మంది, మందు లేని మాత్ర తీసుకున్నవారిలో 26 మంది మరణించారు. లయ సరిపడినట్టు ఈసీజీలో కనిపించింది, మనుషులు మాత్రం చనిపోయారు. ఆ ట్రయలే జరగకపోయి ఉంటే ఆ మాత్రలను మంచివనుకుని ఇంకెన్నాళ్లు ఇచ్చేవారో ఆలోచించండి.

మన ఊళ్లకు ఇంకా దగ్గరి ఉదాహరణ ఒకటి ఉన్నది. చిన్నతనంలో గొంతు నొప్పి, కీళ్ల వాపులతో మొదలై పెద్దయ్యాక గుండె కవాటాలను పాడుచేసే రుమాటిక్ జబ్బు మన పేద కుటుంబాలలో, ముఖ్యంగా ఆడవారిలో, ఇప్పటికీ కనిపిస్తుంది. ఇటువంటివారిలో గుండె లయ కూడా తప్పితే రక్తం గడ్డకట్టకుండా ఎసిట్రోమ్, వార్ఫరిన్ వంటి పాత మాత్రలు ఇస్తారు. వాటి కోసం, రక్తం ఎంతసేపటికి గడ్డకడుతున్నదో చూసే ఐఎన్ఆర్ రక్తపరీక్ష తరచుగా చేయించుకోవాలి, అది పెద్ద తిప్పట. పరీక్ష అవసరం లేని కొత్త మందు రివరాక్సబాన్ వీరికి సరిపోతుందేమోనని ఇన్విక్టస్ అనే ట్రయల్ 24 దేశాలలో 4,500 మందికి పైగా రోగులలో పరీక్షించింది. 2022లో ఫలితం వచ్చింది: పాత మందు తీసుకున్నవారిలోనే మరణాలు తక్కువ. కాబట్టి మీ ఇంట్లో ఎవరికైనా రుమాటిక్ కవాటం జబ్బు ఉండి ఎసిట్రోమ్ వాడుతుంటే, "రక్తపరీక్ష అక్కర్లేని మందుకు మారండి" అనే సలహాను తొందరపడి పాటించవద్దు, గుండె డాక్టరును అడగండి.

ట్రయల్స్ వల్ల కలిగిన మేలు కూడా చెప్పాలి. గుండెపోటు అనుమానం రాగానే నమలమని ఇచ్చే ఆస్పిరిన్ మాత్ర వెనుక 1988లో వెలువడిన ఐసిస్-2 ట్రయల్ ఉన్నది. 17,187 మంది రోగులు అందులో చేరబట్టే, ఆ చవక మాత్ర ప్రాణం నిలుపుతుందని తేలింది.

రెండవ పని: మీ జబ్బు పేరు సరిగ్గా రాసుకోండి

"గుండె జబ్బు" అని ఒక్క మాటతో సరిపెడితే ట్రయల్స్ విషయంలో ఒక్క అడుగు కూడా ముందుకు పడదు. రక్తనాళాలు మూసుకుపోవడం ఒక జబ్బు, గుండె కండరం బలహీనపడటం ఒక జబ్బు, లయ తప్పడం, కవాటాలు చెడిపోవడం, పుట్టుకతో ఉన్న రంధ్రం, ఇవన్నీ వేర్వేరు. హార్ట్ ఫెయిల్యూర్ అని కాగితం మీద చూసి "గుండె ఆగిపోయిందా" అని కంగారుపడేవారు చాలామంది ఉన్నారు. గుండె రక్తాన్ని తగినంత బలంగా నెట్టలేకపోతున్నదని మాత్రమే దాని అర్థం.

ఒక ప్లాస్టిక్ సంచిలో ఈ కాగితాలు పెట్టుకోండి: డిశ్చార్జి సమ్మరీ, యాంజియోగ్రామ్ రిపోర్టు, దాని సీడీ, టూడీ ఎకో రిపోర్టు, పాత, కొత్త ఈసీజీలు, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష, మూడు నెలల సగటు షుగర్ పరీక్ష, ప్రస్తుతం వాడుతున్న మాత్రల ఖాళీ స్ట్రిప్పులు. ఎకో రిపోర్టులో ఈఎఫ్ అనే అంకె చుట్టూ పెన్నుతో గుండ్రంగా గీయండి. గుండె ఒక్కసారి కొట్టుకున్నప్పుడు లోపలి రక్తంలో ఎంత శాతం బయటికి నెడుతున్నదో ఆ అంకె చెబుతుంది. హార్ట్ ఫెయిల్యూర్ ట్రయల్స్‌లో చాలావరకు ఈ ఒక్క అంకె మీదనే చేర్చుకోవడమా, పంపివేయడమా అన్నది ఆధారపడి ఉంటుంది. డపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మందు బలహీనపడిన గుండెకు కూడా మేలు చేస్తుందని 2019లో చూపిన డాపా-హెచ్ఎఫ్ ట్రయల్, ఈఎఫ్ 40 శాతం, లేదా అంతకు తక్కువ ఉన్నవారినే చేర్చుకున్నది.

ప్రస్తుతం ఏయే దిక్కుల్లో పరిశోధన నడుస్తున్నదో స్థూలంగా తెలిసి ఉంటే మీకు ఎదురైన కాగితం ఏ కోవకు చెందినదో పోల్చుకోవచ్చు. చెడు కొలెస్ట్రాల్‌ను, వంశపారంపర్యంగా వచ్చే లైపోప్రోటీన్-ఏ అనే కొవ్వును తగ్గించే ఇంజెక్షన్ల మీద పెద్ద ట్రయల్స్ నడుస్తున్నాయి. రక్తస్రావం ముప్పు తక్కువగా ఉండి రక్తాన్ని పలచన చేసే మందుల కోసం అన్వేషణ సాగుతున్నది. వాటిలో అసండెక్సియాన్ అనే మందు మీద గుండె లయ తప్పినవారిలో జరిగిన ట్రయల్‌ను, పక్షవాతాన్ని ఆపడంలో అది వాడుకలో ఉన్న మందుకు సాటిరాకపోవడంతో 2023లో మధ్యలోనే ఆపివేశారు. నాలుగైదు మందులను ఒకే మాత్రలో కలిపే పాలీపిల్ ఆలోచనలో మన దేశం ముందువరుసలో ఉన్నది. 2020 చివర్లో వెలువడిన టిప్స్-3 ట్రయల్‌లోని 5,713 మందిలో దాదాపు సగం మంది భారతీయులే.

అన్ని ట్రయల్స్ మాత్రల గురించే కావు. గుండెపోటు తరువాత యోగా నేర్పితే ఎంత మేలు జరుగుతుందో చూడటానికి యోగా-కేర్ అనే ట్రయల్ మన దేశంలోని 24 ఆసుపత్రులలో 3,959 మందితో జరిగింది. గుండెపోట్లు, మరణాలు తగ్గాయని అది స్పష్టంగా నిరూపించలేకపోయింది కానీ, యోగా చేసినవారు తమ ఆరోగ్యం మెరుగుపడిందని చెప్పారు, మునుపటి పనుల్లోకి ఎక్కువగా తిరిగి వెళ్లారు. మనకు మరీ దగ్గరగా, 1987–90 మధ్య హైదరాబాద్ సమీపంలోని 29 గ్రామాలలో సగం ఊళ్ల గర్భిణులకు, పసిపిల్లలకు అదనపు పోషకాహారం అందించి, ఆ పిల్లలు యుక్తవయసుకు వచ్చాక వారి రక్తనాళాలను పరీక్షించారు. ఆహారం అందిన ఊళ్ల పిల్లల రక్తనాళాలు కొంత మృదువుగా ఉన్నట్టు 2008లో ప్రకటించారు. ఇది నాకు ఎంతో విలువైన విషయంగా తోస్తుంది. తల్లి కడుపులో ఉన్నప్పుడు దొరికిన ముద్దకు, పదిహేనేళ్ల తరువాతి గుండెకు సంబంధం ఉన్నదని మన పక్క పల్లెలే లోకానికి చూపాయి.

మూడవ పని: ట్రయల్ నంబరు అడిగి, రిజిస్ట్రీలో స్వయంగా చూడండి

కాగితం ఇచ్చినవారిని మొట్టమొదట "సీటీఆర్ఐ నంబరు ఎంత?" అని అడగండి. క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఇండియా అనేది భారత వైద్య పరిశోధన మండలి నడిపే ఉచిత జాబితా. 2007లో మొదలైంది, ఔషధ ట్రయల్స్ అందులో నమోదు కావడం 2009 జూన్ 15 నుంచి తప్పనిసరి. 2018 ఏప్రిల్ నుంచి మొదటి రోగిని చేర్చుకోకముందే నమోదు జరగాలి. నంబరులో సీటీఆర్ఐ అనే అక్షరాల తరువాత సంవత్సరం, నెల, ఆపైన ఆరు అంకెలు ఉంటాయి. నంబరు చెప్పలేకపోయినా, "తరువాత చెబుతాము" అన్నా, సంతకం కూడా తరువాతే పెట్టండి.

రిజిస్ట్రీ అంతా ఇంగ్లీషులో ఉంటుంది కనుక, కాలేజీకి వెళ్లే పిల్లలు ఎవరైనా ఉంటే పక్కన కూర్చోబెట్టుకోండి. నంబరు కొట్టి ఆ ట్రయల్ పేజీ తెరిచాక అన్నీ చదవనవసరం లేదు. ఐదారు గడులు చూస్తే చాలు. "రిక్రూట్‌మెంట్ స్టేటస్" అనే చోట "ఓపెన్ టు రిక్రూట్‌మెంట్" అని ఉంటేనే ఇప్పుడు మనుషులను చేర్చుకుంటున్నట్టు. "సైట్స్ ఆఫ్ స్టడీ" జాబితాలో మీకు కాగితం ఇచ్చిన ఆసుపత్రి పేరు ఉండాలి. ట్రయల్‌లో రోగులకు అన్యాయం జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీ వరుసలో ఆ ఆసుపత్రి కమిటీ ఎదురుగా "అప్రూవ్డ్" అని ఉండాలి. డబ్బు ఎవరు పెడుతున్నారో "ప్రైమరీ స్పాన్సర్" దగ్గర తెలుస్తుంది. "ఇన్‌క్లూజన్", "ఎక్స్‌క్లూజన్" అనే రెండు పట్టికలు ఎవరిని చేర్చుకుంటారో, ఎవరిని చేర్చుకోరో చెబుతాయి. క్రియాటినిన్ ఎక్కువగా ఉన్నవారిని, ఇటీవలే పక్షవాతం వచ్చినవారిని తరచుగా చేర్చుకోరు, అందులో అవమానమేమీ లేదు.

"ప్రైమరీ అవుట్‌కమ్" అనే గడిని మాత్రం తీరికగా చదవండి. ఈ ట్రయల్ దేనిని కొలుస్తున్నదో అక్కడ ఉంటుంది. రక్తంలో కొలెస్ట్రాల్ అంకె తగ్గడాన్ని కొలిచేది ఒక రకం, గుండెపోట్లు, మరణాలు తగ్గడాన్ని లెక్కించేది మరొక రకం. అంకె బాగుపడినంత మాత్రాన మనిషి బాగుపడతాడని కాదు, కాస్ట్ ట్రయల్ చెప్పింది అదే.

మరో రెండు సంగతులు. వైద్య విద్యార్థులు పీజీ కోర్సులో భాగంగా చేసే చిన్న అధ్యయనాలు కూడా ఈ రిజిస్ట్రీలో ఉంటాయి, కాబట్టి గుండె అని వెతికితే వచ్చే పొడవాటి జాబితా చూసి బెదిరిపోకండి. నంబరు ఉన్నంత మాత్రాన ఆ మందు సురక్షితమని ప్రభుత్వం ముద్ర వేసినట్టు కూడా కాదు. అది నమోదు మాత్రమే. కొత్త మందు ట్రయల్‌కు ఢిల్లీలోని డ్రగ్స్ కంట్రోలర్ జనరల్ అనుమతి వేరుగా ఉండాలి, అదీ అదే పేజీలో కనబడుతుంది.

ఎన్నో దశ ట్రయల్ అన్నది కూడా అక్కడే ఉంటుంది. మొదటి దశలో కొద్దిమందిలో భద్రతను, రెండవ దశలో మోతాదును చూస్తారు. మూడవ దశలో వందలు, వేలమందిలో పాత మందుతో పోలుస్తారు. నాలుగవది మార్కెట్‌లోకి వచ్చిన తరువాతి పరిశీలన. స్టెంట్లు, కవాటాల వంటి పరికరాలకు 2017 నాటి వైద్య పరికరాల నియమాలు వర్తిస్తాయి.

నాల్గవ పని: దూరాన్ని, కాలాన్ని లెక్క కట్టండి

మందు మంచిచెడ్డల గురించి అందరూ అడుగుతారు. మన ప్రాంతం వారు అంతకన్నా ముందు అడగవలసిన ప్రశ్న "ఎన్నిసార్లు రావాలి?" అన్నది.

మా మామ ట్రయల్‌లో మూడేళ్లలో 14 సార్లు రావాలని ఉన్నది. అందులో సగానికి పైగా పరగడుపున రక్తం ఇవ్వవలసినవి. పరగడుపున ఉదయం ఎనిమిదికి హైదరాబాద్‌లో ఉండాలంటే, దేవరకొండ అవతలి పల్లె నుంచి తెల్లవారుజామున మూడున్నరకు లేవాలి. షుగర్ మాత్ర వేసుకునే మనిషి అన్ని గంటలు ఏమీ తినకుండా బస్సులో కూర్చుంటే కళ్లు తిరిగి పడిపోవచ్చు. ఈ మాట మేము చెప్పేదాకా అక్కడివారికి తట్టలేదు. చెప్పిన తరువాత, ముందు రోజు రాత్రి బసకు, ఒక తోడు మనిషి ఖర్చుకు వారు ఒప్పుకున్నారు. మీరూ అడగండి: ప్రయాణ ఖర్చు ఎంత ఇస్తారు, తోడు వచ్చినవారికి ఇస్తారా, అదే రోజు చేతికిస్తారా?

పాలమూరు నుంచి ఏటా పనులకు ముంబై, పుణె వలస వెళ్లే కుటుంబాలు ఈ లెక్కను మరింత జాగ్రత్తగా వేసుకోవాలి. దీపావళి దాటాక ఊరు విడిచి ఎండాకాలం చివర తిరిగివచ్చే మనిషి, నెల నెలా ఆసుపత్రికి రావలసిన ట్రయల్‌లో చేరితే మధ్యలో మాత్రలు అందక ఆయనకు ఇబ్బంది, లెక్కలు తప్పి పరిశోధనకూ నష్టం. పత్తి ఏరే రోజులు, వరి కోతలు, ఇంట్లో పెళ్లి, అన్నీ క్యాలెండరు మీద పెట్టుకుని చూడండి. కుదరదని తోస్తే మర్యాదగా కాదని చెప్పడమే మేలు. దగ్గరలోనే కేంద్రం ఉన్నదేమో కూడా విచారించండి: బీబీనగర్‌లో ఎయిమ్స్, నల్లగొండ, మహబూబ్‌నగర్, సూర్యాపేటలలో ప్రభుత్వ వైద్య కళాశాలలు ఉన్నాయి, రిజిస్ట్రీ జాబితాలో వాటి పేరు ఉన్నదీ లేనిదీ చూసుకోండి.

ఐదవ పని: సమ్మతి పత్రాన్ని ఇంటికి తెచ్చుకుని చదవండి

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇదే. "ఇప్పుడే సంతకం పెట్టాలి" అని స్టెంట్ వేయించుకుని కోలుకుంటున్న రోగిని తొందరపెట్టే హక్కు ఎవరికీ లేదు. 2019 మార్చిలో వచ్చిన కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమాల ప్రకారం సమాచార పత్రం మీకు అర్థమయ్యే భాషలో ఉండాలి, చదువుకుని ఆలోచించుకునే వ్యవధి ఇవ్వాలి, సంతకమైన తరువాత ఒక ప్రతి మీకు ఇవ్వాలి. చదువు రానివారైతే ట్రయల్‌తో సంబంధం లేని సాక్షి ఒకరు పక్కన ఉండి, అంతా విని, సంతకం చేయాలి. రసాయనంగా పూర్తిగా కొత్తదైన మందును నిస్సహాయ స్థితిలో ఉన్నవారి మీద పరీక్షిస్తుంటే ఆ వివరణ, అంగీకారం మొత్తాన్ని వీడియో తీయాలి. ఈ నియమాలు ఊరికే రాలేదు. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో హాస్టల్ బాలికలకు టీకా ఇచ్చిన ఒక పథకంలో అనేక అంగీకార పత్రాల మీద వార్డెన్లే సంతకాలు చేసినట్టు విచారణలో బయటపడింది. ఆ తరువాత సుప్రీంకోర్టు దాకా వెళ్లిన వ్యాజ్యాల ఒత్తిడితో నిబంధనలు బిగిశాయి.

తెలుగులో ఉన్నంత మాత్రాన పత్రం అర్థమవుతుందని అనుకోకండి. మా చేతికి వచ్చిన దానిలో "యాదృచ్ఛికీకరణ" అని అచ్చు వేశారు. వేప చెట్టు కింద మంచం మీద కూర్చుని చదువుతున్న మామ ఆ మాట మీద వేలు పెట్టి ఆగిపోయారు. కాలువ నీళ్ల వంతుకు చీటీలు తీసినట్టే, ఎవరికి కొత్త మందు, ఎవరికి మందు లేని మాత్ర అన్నది కంప్యూటరు చీటీ తీస్తుందని చెప్పాను. మరుసటి పేజీలో, ఎవరికి ఏది వచ్చిందో రోగికీ డాక్టరుకూ కూడా తెలియనివ్వరని ఉన్నది. "మందున్నదో లేదో డాక్టరుకు గూడ తెల్వదట. మరి నాకు బాగైతే ఎట్ల తెలుస్తది అల్లుడా?" అన్నారు. ఆ ప్రశ్నను అలాగే కాగితం మీద రాసుకుని వెళ్లి అడిగాము. ఒక్క మనిషిని చూసి తెలియదని, రెండు గుంపులలోని వేలమందిని చివర లెక్కగట్టి పోల్చినప్పుడే తెలుస్తుందని, ఈలోగా ఆయన వాడవలసిన ఆస్పిరిన్, కొలెస్ట్రాల్ మాత్రలు యథాప్రకారం కొనసాగుతాయని డాక్టరు ఓపికగా చెప్పారు. ఆ చివరి మాటే మాకు కావలసినది. మీరూ అడగండి: మందు లేని మాత్ర నా వంతుకు వస్తే, నాకు రావలసిన మామూలు చికిత్స ఏదైనా ఆగుతుందా?

పత్రంలో ఇంకా ఇవి వెతకండి: తెలిసిన దుష్ప్రభావాలు, అర్ధరాత్రి ఫోన్ చేస్తే ఎత్తే నంబరు, ఎథిక్స్ కమిటీ అధ్యక్షుని ఫోన్ నంబరు, ఎప్పుడైనా మానుకోవచ్చునన్న వాక్యం. మీ రక్తం నమూనాలను ఎక్కడికి పంపుతారో, ఎన్నాళ్లు దాచుతారో కూడా చూడండి. మన దేశపు సమ్మతి పత్రంలో వృత్తి, వార్షికాదాయం, నామినీ పేరు రాసే గడులు ఉంటాయి. నష్టపరిహారం చెల్లించవలసి వస్తే పనికివచ్చే వివరాలు అవి. ఖాళీగా వదలకండి, ఆదాయాన్ని కూలి లెక్కన అయినా సరిగ్గా రాయించండి.

"చేరకపోతే ఆరోగ్యశ్రీ కింద చూడము" అని ఎవరైనా అంటే అది శుద్ధ తప్పు. ట్రయల్‌కు కాదన్నందుకు మీకు రావలసిన వైద్యంలో ఏదీ తగ్గించకూడదు.

ఆరవ పని: డబ్బు సంగతి తేల్చుకోండి

ట్రయల్ మందుకు గానీ, ట్రయల్ కోసమే చేసే పరీక్షలకు గానీ మీరు ఒక్క రూపాయి చెల్లించకూడదు. ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచితంగా వైద్యం చేయించాలి. ఆ హానికి ట్రయల్ కారణం కాదని తేలేవరకు, లేదా అవసరం తీరేవరకు అది కొనసాగాలి. ట్రయల్ కారణంగా మరణం సంభవిస్తే కుటుంబానికి పరిహారం చెల్లించాలి. 8 లక్షల రూపాయలను మూల మొత్తంగా తీసుకుని, వయసును, జబ్బు తీవ్రతను బట్టి లెక్క కడతారు. 65 ఏళ్లు, ఆపైబడినవారికి ఆ 8 లక్షలను జబ్బు తీవ్రతను బట్టి 0.5 నుంచి 4 వరకు ఉండే గుణకంతో హెచ్చిస్తారు. నెలలోపు ప్రాణాపాయం 90 శాతం, లేదా అంతకు మించి ఉన్న రోగుల విషయంలో మాత్రం 2 లక్షలని స్థిరంగా నిర్ణయించారు. మామూలుగా వాడుకలో ఉన్న మందుల మీద వైద్య కళాశాలలు తమంతట తాము చేసే అధ్యయనాలకు పద్ధతి కొంత వేరు కాబట్టి, "ఇది కంపెనీ ట్రయలా, కాలేజీ అధ్యయనమా, హాని జరిగితే ఎవరు బాధ్యులు?" అని సూటిగా అడిగి, జవాబు కాగితం మీద ఎక్కడ ఉన్నదో చూపించమనండి.

ఏడవ పని: చేరిన తరువాత కార్డును జేబులోనే ఉంచుకోండి

ట్రయల్‌లో చేరినవారికి సాధారణంగా ఒక చిన్న కార్డు ఇస్తారు. ట్రయల్ పేరు, మీ గుర్తింపు సంఖ్య, డాక్టరు ఫోన్ నంబరు దాని మీద ఉంటాయి. కార్డు ఇవ్వకపోతే అడిగి రాయించుకోండి. మామ దానిని పాస్‌బుక్ కవరులో పెట్టి చొక్కా జేబులో ఉంచుకునేవారు. ఒక చలికాలం దగ్గు తగ్గక పక్క ఊరి క్లినిక్‌కు వెళ్తే, అక్కడి డాక్టరు క్లారిథ్రోమైసిన్ రాయబోయి, కార్డు చూసి, ఆ నంబరుకు ఫోన్ చేశారు. కొలెస్ట్రాల్‌కు వాడే కొన్ని స్టాటిన్ మాత్రలతో ఆ యాంటీబయాటిక్ కలిస్తే కండరాలు దెబ్బతినే ప్రమాదం ఉన్నది కనుక వేరే మందు ఇచ్చారు. ఊళ్లో సూది వేసే ఆర్ఎంపీ దగ్గర నుంచి పళ్ల డాక్టరు వరకు, ఎవరి దగ్గరికి వెళ్లినా ముందు ఆ కార్డు చూపండి. నాటు మందులు, కషాయాలు వాడుతున్నా దాచకుండా చెప్పండి.

మాత్ర మరచిపోయిన రోజులను ఒక నోటుపుస్తకంలో రాయండి. మిగిలిన మాత్రలను పారవేయకండి, ఇంకొకరికి ఇవ్వకండి. వాటిని తిరిగి లెక్కపెడతారు. మరచిపోయినందుకు తిడతారని అబద్ధం చెబితే, ఆ అబద్ధం వేలమంది లెక్కలో కలిసిపోతుంది. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వంటి స్టెంట్ మందులను మాత్రం ఎవరు చెప్పినా సరే, మీ గుండె డాక్టరును అడగకుండా ఆపకండి. ఆపితే స్టెంట్ హఠాత్తుగా మూసుకుపోవచ్చు.

ఆసుపత్రిలో చేరవలసి వచ్చినా, ప్రాణాపాయం ఏర్పడినా వెంటనే ట్రయల్ నంబరుకు తెలియజేయండి. అటువంటి సంఘటనను తెలిసిన 24 గంటలలోపు ట్రయల్ డాక్టరు ఎథిక్స్ కమిటీకి, స్పాన్సరుకు, డ్రగ్స్ కంట్రోలర్ కార్యాలయానికి నివేదించాలి. మీరు చెబితేనే ఆయన చెప్పగలరు. గుండెపోటు లక్షణాలైతే ముందు దగ్గరి ఆసుపత్రి, ఫోన్ తరువాత.

ఎనిమిదవ పని: మానుకోవలసి వస్తే, ఫిర్యాదు చేయవలసి వస్తే

కారణం చెప్పకుండానే ఎప్పుడైనా మానుకోవచ్చు. అయితే ఉన్నట్టుండి వెళ్లడం మానేయడం కన్నా, ఒకసారి వెళ్లి చెప్పి, చివరి పరీక్షలు చేయించుకుని మానుకోవడం మీ ఒంటికే మంచిది. కొన్ని మందులను ఒక్కసారిగా ఆపకూడదు.

ఫిర్యాదు ఉంటే మొదట ఎథిక్స్ కమిటీకి రాయండి. ఇందులో కనీసం ఏడుగురు సభ్యులు ఉండాలి, అధ్యక్షులు ఆ ఆసుపత్రికి బయటివారై ఉండాలి. ఒక న్యాయ నిపుణులు, వైద్యంతో సంబంధం లేని సామాన్య పౌరులు, కనీసం ఒక మహిళ సభ్యులుగా ఉంటారు. ఒక తెల్ల కాగితం మీద తెలుగులోనే, తేదీలతో, ట్రయల్ నంబరుతో రాసి, ప్రతిని మీ దగ్గర ఉంచుకుని, రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. అక్కడ పట్టించుకోకపోతే డ్రగ్స్ కంట్రోలర్ జనరల్ కార్యాలయానికి పంపవచ్చు.

చివరి పని: ఏ మాత్ర వచ్చిందో అడిగి తెలుసుకోండి

ట్రయల్ ముగిశాక చాలామంది ఆ సంగతే మరచిపోతారు. మొత్తం ఫలితం వెలువడ్డాక, మీ వంతుకు వచ్చినది కొత్త మందా, మందు లేని మాత్రా అని అడిగి రాతపూర్వకంగా తీసుకోండి. మీ గుండె డాక్టరు ఇకమీదట మందులు నిర్ణయించడానికి అది అవసరం. కొత్త మందు మీకు బాగా పనిచేసి, వేరే ప్రత్యామ్నాయం లేదని డాక్టరు భావిస్తే, ఎథిక్స్ కమిటీ ఆమోదంతో దానిని ఉచితంగా కొనసాగించే అవకాశం 2019 నియమాలలో ఉన్నది. అడగనిదే ఎవరూ గుర్తుచేయకపోవచ్చు.

మామకు నాలుగు నెలల తరువాత, రెండుసార్లు ఫోన్ చేశాక, ఒక పేజీ ఉత్తరం వచ్చింది. ఆయన వంతుకు వచ్చినది మందు లేని మాత్ర. "మూడేండ్లు ఉత్త గోలీ మింగిన్నా?" అని కాసేపు ఊరుకుని, ట్రయల్ కోసం ఆసుపత్రికి వెళ్లినప్పుడు తన పక్కన కూర్చునే మిర్యాలగూడ ఆయనకు ఏది వచ్చిందో కనుక్కోమన్నారు. ఆ వివరం మనకు చెప్పరు అన్నాను. ఉత్తరాన్ని మడిచి, ఎకో రిపోర్టు వెనుక, ప్లాస్టిక్ సంచిలో పెట్టి, మరుసటి నెల డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు గుర్తుచేయమని చెప్పారు.